అంగుళానికి ఆరడుగులు

1968 జులై 1, సోమవారం. ఆమదాలవలస.

మా నగరేశు దాచుకున్న బిస్కట్ల డబ్బా ఈ రోజు తెరిచాను. దానికి తాళం లేదు. అయినా పదహారు నెలలుగా ఎవరూ తెరవలేదు.

లోపల ఉన్నవి: విమానం మొండెం ఒకటి, అంకుడు కర్ర, గరుకు కాగితంతో సగం నునుపు చేసింది. రెక్కలు రెండు, ఊరికే కోసి ఉంచినవి. తోక రెక్కలు మూడు. చిన్న రంపం, చాకు, ఉక్కు స్కేలు, డివైడరు. కర్ర అతికించే వజ్రం బంక ముక్క. నాలుగు మడతలు పెట్టిన ఇంగ్లీషు ప్లాను ఒకటి. కాన్‌బెర్రా బాంబరు, వాడు ఎక్కే రకం. అంగుళానికి ఆరడుగుల లెక్క.

ప్లాను అంచున వాడి దస్తూరీ ఉంది. "అమ్మా, దీన్ని ఎవరినీ ముట్టనియ్యకు. వచ్చి పూర్తి చేస్తాను." ముట్టింది నేనే కనుక మాట తప్పినట్టు కాదు.

నిన్న భోజనాల దగ్గర పెద్దాడు సింహాచలం ఆ మాట మళ్లీ ఎత్తాడు. "అమ్మా, మహాలయ పక్షం వస్తాంది. ఈ ఏడైనా తమ్ముడికి కార్యం సేసీవాలి. శవం దొరక్కపోతే మోదుగ కాడల్తో మనిషి బొమ్మ కట్టి దహనం సేస్తారట. శాస్త్రంలో ఉన్నాదట."

నా చిన్న కొడుకును కాడలతో కట్టి కాలుస్తారట.

"వాడు సగంలో వదిలిన పని ఒకటుంది. అది పూర్తి కానీ, తరవాత చూద్దాం" అన్నాను. అన్నాను కాబట్టి డబ్బా తెరిచాను. ఒక మాట అని చెయ్యకపోవడం నాకు అలవాటు లేదు.

వాయుసేన వారి రెండు ఉత్తరాలూ డబ్బా అడుగున పెట్టాను. మొదటిది: కిందటేడు ఫిబ్రవరి 15 రాత్రి సముద్రం మీద శిక్షణకు వెళ్లిన విమానం తిరిగి రాలేదు, అందులో నగరేశుతో కలిపి ఇద్దరు ఉన్నారు. రెండోది: ఇద్దరూ మరణించినట్లు భావించడమైనది. భావించడం వారి ఇష్టం.

వాడు సెలవు అయిపోయి వెళ్లాడు. వెళ్లిన రెండో రోజున జరిగింది.

జులై 3

పని వేళలు: పొద్దున పది నుంచి పన్నెండు, మూడు నుంచి అయిదు. దీపం పెట్టుకుని చెయ్యకూడదు. గీత తప్పుతుంది.

మొండెం వంపు సరిచూసుకోవడానికి ప్లాను ప్రకారం ఎనిమిది అట్టముక్కలు గంటు పెట్టి కోశాను. గంటును మొండేనికి ఆనించి వెలుగుకేసి పట్టుకుంటే సందు కనపడకూడదు. ఆరు చోట్ల వాడి చెక్కుడు సరిగ్గా ఉంది. రెండు చోట్ల వెంట్రుకవాసి ఎక్కువ ఉంది. వాడెప్పుడూ కాస్త ఎక్కువే ఉంచుతాడు, తీసెయ్యడం తరవాత చూసుకోవచ్చని. నేను తీసేశాను.

తవిటమ్మ అంట్లు తోముతూ చూస్తోంది. "బియ్యం కొలిసీ సేతుల్తో ఇమానం కొలుస్తన్నారేటి అమ్మగోరూ. ఇది అయిపోతే ఎక్కి ఎలిపోతారేటి, మమ్మల్నొగ్గీసి?"

"గిన్నెకు మసి పోలేదు, చూసుకో" అన్నాను.

దాని మరిది కళింగపట్నంలో వల వేస్తాడు. సముద్రంలో రేకు ముక్క దొరికినా గుడ్డ పీలిక దొరికినా నాకు చూపించమని కిందటేడే చెప్పి ఉంచాను.

జులై 9

కళింగపట్నం నుంచి కబురు లేదు.

జులై 12, శుక్రవారం

ప్లానులో భాగాలకు నంబర్లు ఉన్నాయి. 14వ నంబరు నన్ను ఆపింది. నిఘంటువు తీసి చూశాను. అది ఎగిరే కుర్చీ. ప్రమాదం వస్తే మందుగుండు పేలి, కుర్చీ మనిషితో సహా విమానంలోంచి పైకి ఎగిరిపడుతుంది. పారాచూటు దానంతట అదే విచ్చుకుంటుంది. ఇది నేను ఊహించినది కాదు. అచ్చులో ఉంది.

ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. సముద్రంలో ఓడలు తిరుగుతాయి. ఓడ వాళ్లు ఏ దేశం వాళ్లో, ఎక్కడ దింపారో.

కర్రపేడుతో రెండు కుర్చీలు చేశాను. ఒక్కొక్కటి చింతగింజంత. ఒకటి పైలట్‌కు, పైన అద్దం బుడగ కిందకి. రెండోది నగరేశుకు. వాడు నావిగేటరు. దారి చూపేవాడు ముక్కులో కూర్చుంటాడట. అక్కడ లోపల తొలిచి అమర్చాను.

పాప వచ్చి గడ్డం బల్లకు ఆనించి చూసింది. దానికి ఇంకా అయిదు నిండలేదు. "నాన్న ఏ కిటికీలో కూచుంటాడు నానమ్మా?" అంది. ముక్కు పక్కన చిన్న కిటికీ చూపించాను.

"ఇందులోంచి నేను కనబడతానా?"

"కనబడతావు. బల్ల కదపకు."

జులై 17

పురోహితులు జగన్నాధం గారిని సింహాచలం పిలుచుకొచ్చాడు. నాతో చెప్పకుండా.

పన్నెండేళ్లు చూడాలని కదా శాస్త్రం అన్నాను. పోయాడని నిశ్చయమైతే అంతకాలం అక్కర్లేదని ఆయన అన్నారు. నిశ్చయం ఎవరు చెయ్యాలి అన్నాను. ఆయన సింహాచలం కేసి చూశారు.

"కార్యం అయ్యాక మనిషి తిరిగొస్తే?"

"దానికీ విధి ఉంది తల్లీ. నేతి కుండలో ముంచి తీస్తే మళ్లీ పుట్టినట్టు. బారసాల, అన్నప్రాసన, ఒడుగు, అన్నీ మొదట్నుంచీ. భార్యను మళ్లీ పెళ్లాడాలి."

"ముప్పయ్యేళ్లోడికి అన్నప్రాసనేటండీ" అని సింహాచలం నవ్వబోయి మానేశాడు.

నగరేశు ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ఎంత కుండ కావాలి, నెయ్యి ఎన్ని మణుగులు పడుతుంది అని అడిగాను. జగన్నాధం గారు కండువా సర్దుకుని మజ్జిగ తాగి వెళ్లిపోయారు.

జులై 23

కోడలు కన్యాకుమారికి మాట వినే స్వభావం తక్కువ. అడిగినదానికి సగమే చెబుతుంది, మిగతా సగం మనసులో దాచుకుంటుంది. ఈ మాట నేను నగరేశు పెళ్లయిన ఏడే రాశాను.

ఈ రోజు విజయనగరం ట్రైనింగు స్కూలు దరఖాస్తు పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. పంతులమ్మ చదువు.

"ఈ గడిలో ఏం రాయమంటారు అత్తయ్యా?"

"భర్త పేరు రాయి."

"పేరు రాశానండి. కింది గడి. ఉన్నారా, లేరా అని."

"ఖాళీగా వదిలెయ్యి."

"కిందటేడు అలాగే వదిలాను. తిప్పి పంపించారు."

కిందటేడు దరఖాస్తు పెట్టిన సంగతి నాకు తెలియదు.

"ఈసారి సెప్టెంబరు ఆఖరు లోపల పంపాలి" అంది. బల్ల మీది గరుకు కాగితం ధూళి చీరకొంగుతో తుడిచి, "రోజూ పొద్దున్నే బొట్టు పెట్టుకుంటన్నాను. అద్దంలో నన్ను చూసుకుంటే ఎవరినో మోసం చేస్తన్నట్టు ఉంటాది. ఆయన్నో, మిమ్మల్నో తెలీదు" అంది.

నేను ఆలస్యం చేస్తున్నది దాని బొట్టు కోసమే. అది కూడా అర్థం చేసుకోదు.

ఆగస్టు 2

రెక్కలు అతికాయి. చివరి నుంచి చివరికి పది అంగుళాలు, మూడింట రెండు వంతులు. ప్లానుకు సరి. అతుకుల్లో లప్పం పెట్టి ఆరనిచ్చి మూడుసార్లు రుద్దాను. వెండి రంగు మొదటి పూత వేశాను.

ఆగస్టు 6

కళింగపట్నం నుంచి కబురు లేదు.

ఆగస్టు 10, శనివారం

రంగులో కుంచె గీతలు కనిపించాయి. గీకేశాను.

సింహాచలం కొట్టు నుంచి వచ్చి చూశాడు. "మొన్న తెల్లగా మెరిసింది గదే. మళ్లీ కర్ర సేసీసినావు."

"గీతలు పడ్డాయి."

"నాకు కనబళ్లేదు."

"నీకు బియ్యంలో రాళ్లు కూడా కనబడవు."

వాడు నవ్వలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేవాడిలాగ. "ఇలా సూడమ్మా. ఇది మూడోసారి గీకడం. నీకు పూర్తి సెయ్యాలని లేదు. పూర్తయితే నేను కార్యం అడుగుతానని. నాకు మాత్రం తమ్ముడు కాడేటి? ఆడికి ఓ ముద్ద పెట్టీవాడు లేడు. ఆకలితో తిరుగుతన్నాడేమోనని నాకుంటాది."

నాలుగోసారి పూస్తే సరిగ్గా వస్తుందన్నాను.

ఆగస్టు 14

పైలట్ అద్దం బుడగ చేశాను. ఆస్పత్రి కాంపౌండరును అడిగి పాత ఎక్స్‌రే ఫిల్ము తెప్పించాను. వేణ్నీళ్లలో చాకలి సోడా వేసి నానబెడితే మసి అంతా పోయి అద్దంలాగ వచ్చింది. ఎవరివో పక్కటెముకలు నీళ్లలో కరిగిపోయాయి. నిప్పుల సెగన మెత్తబరచి కర్ర అచ్చు మీద అదిమాను. నాలుగు పాడయ్యాయి. అయిదోది కుదిరింది.

దాని కింద పైలట్ కుర్చీ చక్కగా కనిపిస్తోంది. నగరేశు కుర్చీ ముక్కు లోపల ఉంది కాబట్టి బయటికి కనిపించదు. ఉందని నాకు తెలుసు.

ఇంకా చేయవలసినవి: చక్రాలు, మూడు రంగుల గుర్తులు, తోక మీద నంబరు. పది రోజుల పని. నిదానంగా చేస్తే నెల.

ఆగస్టు 20, మంగళవారం

నరసింగరావు వచ్చాడు. పాతపట్నం అబ్బాయి. నగరేశు ఉన్న స్థావరంలోనే విమానాలు బాగుచేసే పని. సెలవు మీద ఇంటికి పోతూ, పలకరించి వెళదామని ఇక్కడ రైలు దిగాడట. అన్నం పెట్టాను. తిన్నాక బల్ల మీద విమానం చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మగోరూ. ఇది మీరే సేసినారేటండి? మా దగ్గర ఇంజినీర్లకి రాదండి ఇలగ."

చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. కుడిపక్కకు వచ్చి ఆగాడు.

"ఈ పక్కన తలుపు గీత మరిసిపోయినారండి."

"ఏ తలుపు?"

"ముక్కు కాడ. నావిగేటరు ఎక్కీ తలుపు." మడత కింద పడిపోయిన ప్లాను అంచు విప్పి చూపించాడు. సన్నని గీత. ఇన్నాళ్లూ నేను చూడలేదు. తరవాత చిన్న కిటికీలోంచి ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"ఇదేటి, ఇక్కడ కూడా ఎగిరే కుర్సీ పెట్టీసినారు?"

"ఇద్దరు కదా మనుషులు."

నరసింగరావు విమానాన్ని బల్ల మీద పెట్టాడు. చిన్నపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. "ఈ రకంలో పైలట్‌కే ఉంటాదండి ఆ కుర్సీ. నగరేశు సార్‌కి ఉండదు. సార్ ఏదైనా అయితే పారాచూటు తగిలించుకొని, ఆ తలుపు తీసుకొని దూకాల."

"ఎంతసేపు పడుతుంది?"

"ఎత్తులో ఉంటే టైము ఉంటాదండి."

"వాళ్లు ఎంత ఎత్తులో ఉన్నారు?"

మళ్లీ చేతులు కడుక్కోవడానికి వెళ్లి వచ్చాడు. నన్ను ఓదార్చాలనుకున్నాడు కాబోలు, ఇంకా మాట్లాడాడు. "రాత అండి అమ్మగోరూ. ఆ రోజు ఎగిరీవోళ్ల బోర్డు మీద సార్ పేరే లేదండి. బుధవారం దాకా సెలవు గదా. సోమవారమే బయల్దేరి మంగళవారానికి వచ్చీసినారు. ఒకాయనకి జ్వరం, సార్ ఎలాగూ వచ్చీసినారు గదా అని ఎక్కించీసినారు. ఇంటి కాడ ఏటైనా గొడవయ్యిందేమోనని మేం అనుకున్నాం."

"గొడవేమీ లేదు" అన్నాను.

మూడు గంటల బండికి పాతపట్నం వైపు వెళ్లాడు. జంతికలు కట్టి ఇచ్చాను.

ఆగస్టు 21

పని చెయ్యలేదు.

ఆగస్టు 22

పని చెయ్యలేదు. తవిటమ్మ కళింగపట్నం కబురు చెప్పబోతే వద్దన్నాను.

ఆగస్టు 25, ఆదివారం

మొదటి పేజీలో తప్పు రాశాను. సెలవు అయిపోయి వెళ్లాడని. సెలవు అయిపోలేదు. రెండు రోజులు ఉంది.

కలకత్తా వైపు ప్రయాణం. ఉత్తర దిక్కుకు మంగళ, బుధవారాలు శూల, ప్రయాణం కూడదు. బుధవారం బయలుదేరతానన్నాడు. రెక్కలు కోయడం అయింది, రెండు రోజులుంటే అతికించేస్తానని. శూలలో కొడుకును పంపనన్నాను. "అమ్మా, మేం రోజూ అన్ని దిక్కులకీ ఎగురుతాం, మాకు శూల ఎవడు చూస్తాడే" అన్నాడు. ఎదురు చెప్పవద్దన్నాను. సోమవారం పొద్దున స్టేషనుకు నేనే వెళ్లి రైలెక్కించాను. బండి కదిలేదాకా వాడి చేతికి కర్ర ధూళి అంటుకునే ఉంది. కడుక్కోమన్నాను.

నేను స్కూలు ఫైనలు ప్యాసయ్యాను. భూమి గుండ్రంగా ఉంటుందని తెలుసు. దిక్కులు మనం పెట్టుకున్నవని తెలుసు. పంచాంగం గోడకు వేలాడుతోంది. దాన్ని తీసెయ్యలేదు. తీసేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారు.

బుధవారం పంపి ఉంటే, ఆ విమానం లేచిన వేళకు వాడు రైల్లో ఉండేవాడు. బరంపురం దాటి.

ఆగస్టు 26

కన్యాకుమారికి చెప్పాను. వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, వాడిని శూలకు భయపడి ముందుగా పంపింది నేనని, అందుకే వాడి పేరు వేశారని చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవడం దానికి న్యాయం.

అది లేచి వెళ్లి ట్రంకు పెట్టెలోంచి ఒక కార్డు తెచ్చింది. నగరేశు దస్తూరీ. ఫిబ్రవరి 14న రాసింది. కార్డు ఇంటికి చేరేటప్పటికే వాయుసేన టెలిగ్రాం వచ్చేసిందట.

"క్షేమంగా చేరాను. ముందుగా దొరికాను కదా అని రేపు నన్నే ఎక్కిస్తున్నారు. ఈ సంగతి అమ్మతో అనకు. అంటే వచ్చేసారి దిక్కుకో నాలుగు రోజులు కలిపి వారం ముందే తరిమేస్తుంది. పాప దగ్గు తగ్గిందా?"

"పద్దెనిమిది నెలల నుంచీ నీ దగ్గరే ఉందా?"

"అమ్మతో అనకని రాశారండి" అంది. "అందుకే అనలేదు."

మాట వినే స్వభావం తక్కువ అని జులై 23న రాశాను. దాన్ని కొట్టివెయ్యను. రాసింది అలాగే ఉండనీ.

సెప్టెంబరు 1

సింహాచలంతో సరే అన్నాను. వాడు ఏడ్చాడు. లోపలికి వెళ్లి ఏడవమన్నాను, అరుగు మీద జనం ఉన్నారు.

సెప్టెంబరు 7, శనివారం

మోదుగ కాడలు తెచ్చారు. మూడువందల అరవై ఉండాలి. తలకు నలభై, మెడకు పది, చేతులు రెంటికీ నూరు, తొడలు రెంటికీ నూరు, అలా కాలివేళ్లకు పది దాకా లెక్క ఉంది. చాప మీద పోసి పదేసి చొప్పున కట్టాను. మూడువందల యాభై ఎనిమిది.

"రెండేగా తల్లీ. దర్భ వేసి సరిపెడదాం" అన్నారు జగన్నాధం గారు.

ఒప్పుకోలేదు. తవిటమ్మను తోడు తీసుకుని రైలుకట్ట పక్కన మోదుగ చెట్టు దాకా నడిచాను. కొమ్మ వంచి మూడు కాడలు కోశాను. రెండు వేసి లెక్క సరిచేశాను. ఒకటి మిగిలింది.

సెప్టెంబరు 8

నాగావళి ఒడ్డున అయింది. ఆడవాళ్లం ఇంటి దగ్గరే ఉన్నాం. పదకొండుం పావుకు నిప్పు పెట్టారట. పచ్చి కాడలు కదా, అంటుకోవడానికి చాలాసేపు పట్టిందని సింహాచలం చెప్పాడు.

సెప్టెంబరు 17

పదో రోజు. వీధిలోని ముత్తయిదువలు, విధవలు కూడా వచ్చారు, చెయ్యవలసినవి చెయ్యడానికి. వాళ్లను వసారాలో కూర్చోబెట్టి కన్యాకుమారిని పెరట్లోకి తీసుకెళ్లాను. గాజులు పగలగొట్టనివ్వలేదు. సబ్బునీళ్లు పెట్టి ఒక్కొక్కటే జార్చాను. పన్నెండు. బొట్టు సంగతి నేనేమీ అనలేదు. అదే తుడుచుకుంది.

గాజులు పాప అడిగింది. ఇచ్చాను.

దరఖాస్తులో ఖాళీ గడి నేనే నింపి ఇచ్చాను. దస్తూరీ బాగానే ఉంది. రేపటి టపాకు వెళుతుంది. చదువుకు విజయనగరం వెళితే పాపను కూడా తీసుకెళతానంది. తీసుకెళ్లాలి. అది సబబే.

సెప్టెంబరు 22, ఆదివారం. మహాలయ అమావాస్య.

వాడికి పిండం పెట్టారు. వాళ్ల నాన్న పక్కన.

మూడు గంటలకు డబ్బా తెరిచాను. రంగు వెయ్యలేదు. నంబరు రాయలేదు. ముక్కు లోపలినుంచి రెండో కుర్చీ పట్టుకారుతో పీకేశాను. వజ్రం బంక గట్టిగా పట్టింది, ముక్కలుగా వచ్చింది.

కుడిపక్కన తలుపు గీసి, చాకు మొనతో కోశాను. ప్లానులో తలుపు మూసి ఉంది. నేను కోసి తీసేశాను. అంచులు గరుకు కాగితంతో రుద్దాను.

పాప వచ్చి చూసింది. "తలుపు తీసీసినావేం నానమ్మా? నాన్న పడిపోడూ?"

"ఆడుకో పో" అన్నాను.

మిగిలిన కాడ పంచాంగం మేకుకు గుచ్చి ఉంచాను. ఎండిపోయింది. నగరేశు ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంటే ఈ లెక్కన అంగుళానికి గోరంత తక్కువ. స్కేలు పెట్టి కోశాను. నడుము దగ్గర వంచబోతే విరిగింది. మిగతా కాడను గ్లాసు నీళ్లలో నానబెట్టి, అరగంట ఆగి, మళ్లీ అంతే కోసి వంచాను. ఈసారి వంగింది. కిటికీ దగ్గర లోపల పెట్టి, తలుపు వైపు తోశాను.

బయటికి వచ్చింది.

ఒకసారి వస్తే లెక్క కాదు. మళ్లీ లోపల పెట్టి తోశాను. మూడోసారి అంచుకు తగిలి ఆగింది. అంచు ఇంకొంచెం రుద్దాను. వచ్చింది.

అయిదు దాటింది. దీపం పెట్టుకుని ఇంకోసారి చూశాను.